కాటిసీనులో ఎలా నిలబడాలి

పిల్లలకు నాటకం నేర్పే పనిలోకి వస్తామని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు మా ఇంటికి వచ్చి పోయారు. డిగ్రీలున్న పిల్లలు. నేను చదివింది ఐదో తరగతి. వాళ్ళు అడిగినవన్నీ మైకుల గురించి, డ్రెస్సుల గురించి, వీడియో తీసి ఫోన్లో పెట్టడం గురించి. ఆ సంగతులు నాకు తెలియవు. తెలిసినవి చెప్పబోయేసరికి వాళ్ళకు బస్సు టైమైంది. అందుకే రాస్తున్నాను. తీరికున్నప్పుడు చదువుకుంటారు.

నేను చేసిన పని

మా నాన్నను అబ్బా అనేదాన్ని. అబ్బా పగలు కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు, సాయంత్రమైతే పద్యనాటక సమాజంలో హార్మోనియం వాయించేవాడు. నన్ను బడి మాన్పించాక ఇంట్లో ఊరికే ఉండనివ్వలేదు. పర్దా చాటున కూర్చోబెట్టి, నటుడు మాట మరిచిపోతే అందించే పని అప్పగించాడు. పన్నెండేళ్ళకే రాజు పద్యాలు, రాణి పద్యాలు, మంత్రి మాటలు అన్నీ నా నోట్లో ఉండేవి. ఒక్క వేషం కూడా వేయలేదు. తురకపిల్ల పద్యం పాడితే ఏమంటారోనని ఎవరో అన్నారట. అబ్బా మాత్రం, అందించేవాళ్ళు లేకపోతే రాజు కూడా మూగవాడే కదా అని ఊరుకున్నాడు.

సమాజం మూతపడ్డాక ఇక్కడి ఆడపిల్లల హైస్కూలు వాళ్ళు పిలిచారు. బడి వార్షికోత్సవానికి పాత నాటకం ఒకటి నేర్పమన్నారు. ఒక్క సంవత్సరం అనుకున్నది ముప్పై ఏళ్ళు సాగింది. నాకు ప్రమోషన్లు లేవు, ఎందుకంటే అసలు ఉద్యోగమే లేదు. పిల్లలు టీచర్ అనబోతే వద్దన్నాను. నాటకం అమ్మ అన్నారు. అదే మిగిలింది.

ఆ నాటకం పేరు మీకు చెప్పక్కర్లేదు. ఇచ్చిన మాట కోసం రాజు రాజ్యం వదులుకుంటాడు, భార్యాబిడ్డలను అమ్ముకుంటాడు, చివరికి తననే కాటి యజమానికి అమ్ముకుంటాడు. ఒకరోజు రాణి చచ్చిపోయిన కొడుకును ఎత్తుకుని ఆ కాటికే వస్తుంది. సుంకం కట్టనిదే దహనం కుదరదని రాజు తన భార్యనే అడగాలి. దాన్ని మేం కాటిసీను అంటాం. నాటకమంతా దానికోసమే.

ముందు చెవి

మొదటి పదిహేను రోజులు పిల్లల చేతికి పుస్తకం ఇవ్వకండి. విననివ్వండి. పుస్తకం చూసి నేర్చిన పిల్ల స్టేజీ మీద ఆ పేజీనే వెతుక్కుంటుంది, ఎదుటి మనిషిని చూడదు.

వేషాలు కూడా అప్పుడే పంచకండి. అందరికీ అన్నీ రావాలి. భటుడి వేషం వేసే పిల్లకు రాజు పద్యం రావాలి, రాజు వేసే పిల్లకు భటుడు ఎక్కడ నిలబడతాడో తెలియాలి. నాటకం రోజు ఎవరికో ఒకరికి జ్వరం వస్తుంది, అది ఒక కారణం. రెండోది, అందరి మాటలూ తెలిసిన పిల్లకు తన మాట పెద్దదన్న పొగరు తగ్గుతుంది.

కిరీటాలకు మిఠాయి డబ్బాల అట్ట చాలు. రాణికి పాత చీర చాలు, అది బీదరికంలో ఉన్న రాణే కదా. అద్దె డ్రెస్సులు తెచ్చిన బళ్ళలో పిల్లలు డ్రెస్సు నలుగుతుందని కూర్చోవలసిన చోట కూర్చోకపోవడం చూశాను. పిన్నీసులు మాత్రం మీరే లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి. పిసినారి అని పిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి.

ఏడుపు నేర్పకండి. ఒక ఏడాది రాణి వేషం వేసిన పిల్ల నిజంగా ఏడ్చింది. గొంతు పూడుకుపోయి పద్యం సగంలో ఆగింది, కూర్చున్నవాళ్ళు పాపం అనుకున్నారు తప్ప ఏమీ వినలేదు. ఏడవడం చూసేవాళ్ళ పని. మన పని వాళ్ళకు వినపడేలా చెప్పడం.

పైవాళ్ళ గురించి

ఒక ప్రైవేటు బడివాళ్ళు పిలిస్తే పోయాను. పద్యాలు ఎవరో పాడించి రికార్డు చేసి పెట్టుకున్నారు. పిల్లలు పెదవులు కదిపితే చాలన్నారు. పేరెంట్స్‌కు క్వాలిటీ కావాలమ్మా అన్నాడు ఆ సారు. అలాగైతే బొమ్మలను నిలబెట్టుకోండి, పిల్లలెందుకు అని వచ్చేశాను. దానికి ఇప్పటికీ బాధ లేదు.

మా హెడ్ మేడంతో మాత్రం పదిహేనేళ్ళు పోట్లాడాను. స్పెషల్ క్లాసులని చెప్పి రాజును తీసుకుపోయేది. మార్కులు తక్కువొచ్చాయని రాణిని ఆపేసేది. కానీ ఆ మనిషి ప్రతి పిల్ల ఇల్లూ ఎరుగును. ఏ పిల్ల తండ్రి ఏం చేస్తాడు, ఏ పిల్ల పొద్దున తినకుండా వస్తుంది, అన్నీ ఎరుగును. అదంతా హెడ్మాస్టర్ల పని, నాకు పద్యం చాలు అనుకునేదాన్ని. అలా అనుకోవడం ఎంత తప్పో నేను నేర్పిన చివరి నాటకంలో తెలిసింది.

నా తప్పు

మూడేళ్ళ కిందటి మాట. తొమ్మిదో తరగతిలో సరళ అని ఒక పిల్ల ఉండేది. బక్కగా ఉండేది. ఎవరి నడకనైనా ఒక్కసారి చూస్తే చాలు, అలాగే నడిచి చూపించేది. నా నడకను నా వెనకాలే నడిచి చూపించిందని తర్వాత తెలిసింది. ఆ పిల్లకు కాటి యజమాని వేషం ఇచ్చాను.

నాటకాల్లో ఆ వేషం నవ్వులకోసం పెట్టుకున్నది. మొహానికి మసి, చేతిలో కల్లుముంత, ఊగుతూ నడక. మా సమాజంలో ఆ వేషగాడు రాగానే ఈలలు పడేవి. నాకు తెలిసిన కాటి యజమాని ఆయనొక్కడే. అసలు కాడు ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. మాలో ఖబరస్థాన్‌కు మగవాళ్ళే పోతారు. ఆ బడిలో చాలామంది పిల్లల ఇండ్లల్లోనూ ఆడవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. చూడని చోటును చూడని పిల్లలకు ముప్పై ఏళ్ళు నేర్పాను.

సరళ పది రోజులు బ్రహ్మాండంగా చేసింది. పదో రోజు నాకు ఇంకా కావాలనిపించింది.

“ఇంక ఊగు బిడ్డా,” అన్నాను. “జర కూడ ఆలోచించకు. నీకు పుట్టుకతోనే వచ్చినట్టున్నది.”

క్లాసంతా విరగబడి నవ్వింది. అంత నవ్వు ఎన్నడూ వినలేదు. సరళ కూడా నవ్వింది, మళ్ళీ ఊగింది. సీను పండిందని సంతోషపడుతూ ఇంటికి వచ్చాను.

మర్నాడు ఆ పిల్ల రిహార్సల్‌కు రాలేదు. ఆ మర్నాడు కూడా రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. వారం దాటాక హెడ్ మేడం నన్ను గదిలోకి పిలిచింది.

“సరళ వాళ్ళ నాన్న వైకుంఠధామంలో కాటి పని చేస్తడు. నీకు తెల్వదా జైనబమ్మా?”

“తెల్వదు మేడం.”

“నీకు తప్ప అందరికి తెలుసు.”

ఆమె చెప్పిన మిగతాదంతా నేను నిలబడే విన్నాను. ఆ నవ్వు సరళ నటనకు వచ్చింది కాదు, నా మాటకు వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం అన్నాల దగ్గర హారిక అనే పిల్ల, రాజు పక్కన భటుడి వేషం వేసేది, మీ బాపు కూడా ఇంట్లో ఇట్లనే ఊగుతడా అని సరళను అడిగిందట. నాటకం అమ్మే చెప్పింది గదనే, పుట్టుకతో వచ్చిందని, అందట ఇంకో పిల్ల. సరళ టిఫిన్ డబ్బా మూత కూడా పెట్టకుండా బడి దాటి వెళ్ళిపోయింది. ఇక చదవనని ఇంట్లో చెప్పింది. ఒకటో తారీఖు నుంచి చౌరస్తాలోని బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టే పనికి మాట్లాడుకున్నారు. నాటకం ఆ ముందు శనివారం.

మంచి తెలివైన పిల్ల, ఒక మాటతో పోగొట్టినం, అంది హెడ్ మేడం. పోగొట్టినం అని తనను కూడా కలుపుకుంది. అది ఆమె మర్యాద. పోగొట్టింది నేను.

కాటి యజమాని వచ్చే సీను తీసేద్దామని ఇద్దరం అనుకున్నాం.

సమ్మయ్య వాకిట్లో

వర్ధన్నపేట వైపు పోయే రోడ్డు మీద కొంత దూరం పోయి కుడివైపు తిరిగితే సరళ వాళ్ళ ఇల్లు. రెండు గదులు, ముందు చిన్న వాకిలి. సరళ తండ్రి పేరు సమ్మయ్య. నన్ను చూసి కుర్చీ తెచ్చి తువ్వాలతో తుడిచి వేశాడు. నేనెవరో చెప్పగానే లోపలి గది తలుపు పడింది.

తలుపుకే చెప్పాను.

“నేనన్న మాట తప్పు బిడ్డా. తెల్వక అన్న. తెలుసుకోకపోవుడు కూడ నా తప్పే. ఆ సీను తీసేస్తానం. నువ్వు బడికి రా.”

లోపలి నుంచి గొంతు వచ్చింది.

“తీసేస్తే నా కోసమే తీసేసిండ్లని అందరికి తెలుస్తది. అప్పుడు ఇంక ఎక్కువ అంటరు.”

కుర్చీ సమ్మయ్య వైపు తిప్పుకున్నాను. అతన్నే అడిగాను, అసలు అక్కడ ఎలా ఉంటుంది, నేనెన్నడూ చూడలేదు అని.

అతను కోపంగా లేడు. పార పట్టుకోవడం తెలియనివాళ్ళకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

“ఊగుడేందమ్మా. తాగుతం, తాగమంటే అబద్ధమైతది. పని అయినంక తాగుతం. ఊగెటోడు మంట కాడ ఎట్ల నిలబడ్తడు?”

కట్టె పేర్చాక ఏడ్చేవాళ్ళ మొహంలోకి చూడరట. పొగ కొట్టే వైపు తాము నిలబడి, పొగ రాని వైపు ఏడ్చేవాళ్ళకు వదులుతారట, పొగ మీదికి వస్తే ఎటు జరగాలో తేలక వాళ్ళు తడబడతారని. డబ్బు మాట తలకొరివి పెట్టే కొడుకుతో మాట్లాడరట. నిప్పు పెట్టాక ఎవరో మేనమామో బావమరిదో తనంతట తానే పక్కకు వస్తాడు, అప్పుడు మాట్లాడతారట. ఇన్నేళ్ళలో తాను అరిచింది లేదన్నాడు, అక్కడ అరవాల్సిన అవసరమే రాదన్నాడు.

నేను నాటకం కథ చెప్పాను. రాణి, పిల్లవాడి శవం, సుంకం. అతను తల అడ్డంగా ఊపాడు.

“చిన్నపిల్లలను మేం కాల్చమమ్మా, పూడుస్తం. పిల్లల కాడ పైసలు అడుగం. వాళ్ళు జేబుల చెయ్యి పెట్టినా వద్దంటం.”

ఆ మాటతో నేను కుర్చీలో ముందుకు జరిగాను. సీను మొత్తం ఆ అడగడం మీదే నిలబడి ఉంది. రాజు వేషం వేసే పిల్లకు ప్రతి ఏడూ నేను నేర్పింది గట్టిగా, దర్జాగా అడగమనే. కాట్లో పుట్టి పెరిగినవాళ్ళే నోరు తెరిచి అడగని డబ్బు అది. దాన్ని అడగాల్సి వచ్చిన రాజు నాలుక ఎలా కదిలి ఉంటుంది? అబ్బా వాయించినప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో ఆ పద్యాలు. ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు.

ఎలా నిలబడతారో చూపించమన్నాను. సమ్మయ్య సిగ్గుపడ్డాడు. గోడకు ఆనించిన వెదురు కర్ర తీసుకుని వాకిట్లో నిలబడ్డాడు. చూసేవాళ్ళున్నారని ఛాతీ విరుచుకుని పోలీసులా నిలబడ్డాడు.

తలుపు తెరుచుకుంది.

“గట్ల నిలబడవు బాపు నువ్వు,” అంటూ సరళ బయటికి వచ్చింది. “కర్ర గిట్ల పడ్తవ్. మొహం కిందికి పెట్టవు, పక్కకు పెడ్తవ్. నేను సద్ది తెచ్చినప్పుడు రోజు చూస్తలేనా.”

కర్ర లాక్కుని నిలబడి చూపించింది. ఒళ్ళు కదలలేదు. కళ్ళు ఎవరినీ చూడలేదు, కానీ అన్నీ చూస్తున్నట్టే ఉన్నాయి. సమ్మయ్య తన కూతురిని చూస్తూ ఉండిపోయాడు. తను అలా ఉంటాడని అతనికి కూడా తెలియదు.

ఇట్లనే చెయ్యి బిడ్డా స్టేజీ మీద, అన్నాను.

“నేను వేషం వెయ్య,” అంది సరళ. “ఎవలన్న వేస్తే, ఎట్ల నిలబడాల్నో చెప్త.”

హారిక చేతులు

వేషం హారికకు ఇచ్చాను. నవ్వించడం నీకు బాగా వచ్చు కదా, ఇప్పుడు ఎవరూ నవ్వకుండా నిలబడి చూపించు అన్నాను. మేకప్ మసి తీసి పారేశాను. కల్లుముంతను కడిగి ఇంటికి పట్టుకుపోయి పప్పు పోసుకున్నాను.

సరళ సాయంత్రం నాలుగు దాటాక వచ్చేది. యూనిఫాం వేసుకునేది కాదు, ఇంటి బట్టల్లోనే వచ్చేది. క్లాసుల వైపు చూసేది కూడా కాదు, నేరుగా రిహార్సల్ గదిలోకి వచ్చి, అయిపోగానే వెళ్ళిపోయేది. బడికి వస్తవా అని అడుగు జైనబమ్మా అని హెడ్ మేడం రోజూ పోరుపెట్టింది. నేను అడగలేదు. అడిగితే ఆ పిల్ల ఏదో ఒకటి చెప్పాలి. పద్నాలుగేళ్ళ పిల్ల ఒకసారి కాదని చెప్పిందంటే, ఆ మాట నిలబెట్టుకోవడానికైనా రాదు.

నేర్పడంలో సరళ నాకంటే కఠినం. హారికను వెదురు కర్రతో ఎండలో నిలబెట్టేది. కదిలితే మళ్ళీ మొదటి నుంచి.

“చేతులు గుంజుతానయే,” అంది హారిక ఒకరోజు.

“మా బాపుకు గుంజయా?” అంది సరళ.

హారిక కర్ర మళ్ళీ సరిగ్గా పట్టుకుంది. ఆ రోజు ఇంకో అరగంట నిలబడింది. తర్వాతి రోజు తన నీళ్ళ సీసా తెచ్చి సరళ ముందు పట్టుకుంది. సరళ ఒక నిమిషం చూసి, మూత తీసి, నోటికి ఆనించుకుని తాగి తిరిగి ఇచ్చింది. హారిక తుడవకుండా అలాగే తాగింది. క్షమించమనడం అదీ ఇదీ ఏమీ వినలేదు నేను. వినాలని కూడా అనుకోలేదు. పిల్లల మధ్య అలాంటివి జరిగేటప్పుడు మీరు పిన్నీసులు లెక్కపెట్టుకుంటూ ఉండండి.

రాజు వేషం వేసే పిల్లను కూడా సరళే మార్చింది. సుంకం అడిగేటప్పుడు రాణి మొహం చూడొద్దని, అడిగాక చెయ్యి చాపొద్దని చెప్పింది. అడుగు, కానీ ఇయ్యకపోతే బాగుండని అడుగు, అంది. ముప్పై ఏళ్ళలో నేను ఎవరికీ అంత చక్కగా చెప్పలేదు.

శనివారం, ఆ తర్వాత

నాటకం రోజు సరళ పర్దా చాటున నా పక్కన కూర్చుంది. సమ్మయ్య రాలేదు, పని పడిందట. హారిక వచ్చి నిలబడింది. ముందు వరసల్లో కొందరు నవ్వడానికి సిద్ధంగా నోళ్ళు తెరిచారు. ఆ వేషం చూస్తే నవ్వాలని వాళ్ళకు అలవాటు. నవ్వు రాలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రాజు సుంకం అడిగినప్పుడు హాలులో ఫ్యాన్ల చప్పుడు వినపడింది. ఈల లేదు, చప్పట్లు లేవు. సమాజంలో పెరిగినదాన్ని, చప్పుడు లేకపోతే సీను పోయిందనే నా చెవులకు తెలుసు. పోయిందేమోనని భయపడ్డాను. ముఖ్య అతిథిగా వచ్చినాయన దిగిపోతూ, ఈసారి కామెడీ తగ్గిందమ్మా అన్నాడు. తగ్గించినమయ్యా అన్నాను.

హారిక చెమటలు కక్కుతూ లోపలికి వచ్చింది. ఎట్ల చేసిన్నే అని నన్ను కాదు, సరళను అడిగింది.

“రెండో పద్యం కాడ బరువు ఎడమ కాలు మీద పడ్డది,” అంది సరళ. “మిగతాదంత మంచిగున్నది.”

తర్వాత తన చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడొస్తావని నేను అడగలేదు. రెండు రోజులకు ఒకటో తారీఖు.

ఆ సోమవారం పొద్దున డ్రెస్సుల మూట తెచ్చుకోవడానికి బడికి పోయాను. తొమ్మిదో తరగతి కిటికీ పక్క నుంచి పోతుంటే లెక్కల టీచర్ గొంతు వినపడింది. ఎవరినో గట్టిగా తిడుతోంది. ఆగి చూశాను. సరళ యూనిఫాంలో లేచి నిలబడి ఉంది. ఇన్ని రోజుల హోంవర్క్ ఏదని టీచర్ అడుగుతోంది, బడంటే మీ ఇష్టమొచ్చినప్పుడు వచ్చే చుట్టాలిల్లనుకుంటున్నరా అంటోంది. సరళ నేల చూపులు చూస్తోంది. ముందు బెంచీలో కూర్చున్న హారిక తన నోటుబుక్కు బెంచీ కింద నుంచి వెనక్కు జరిపింది. అది టీచర్ కళ్ళబడింది. ఇద్దరినీ లేపి వరండాలో నిలబెట్టింది.

లోపలికి పోయి టీచర్‌కు సర్దిచెబుదామా అనుకున్నాను. వద్దనుకున్నాను. అందరు పిల్లలూ తినే తిట్లే అవి, ఆ పిల్ల కూడా తినాల్సినవే. మూట భుజాన వేసుకుని, వాళ్ళిద్దరి ముందు నుంచే, ఇద్దరినీ ఎరగనట్టు నడిచి గేటు దాటాను.